అడవిలో స్క్రూలు లేకపోవడంపై తీవ్ర ఆందోళన

అడవిలో స్క్రూలు ఉండవు. ఈ లోపాన్ని ఇంతవరకు ఎవరూ సీరియస్‌గా పట్టించుకోలేదు. చెట్టుకు గానీ, బండరాయికి గానీ, వాగు గట్టుకు గానీ బిగించిన స్క్రూ ఒక్కటంటే ఒక్కటి కనపడదు. కానీ కొండ ఎక్కడానికి బయల్దేరిన మనిషి నడుముకు వేలాడే మల్టీటూల్‌లో, అంటే పటకారు, కత్తి లాంటివన్నీ ఒకదాంట్లోకే మడుచుకునే పనిముట్టులో, ఎంత తక్కువ వేసుకున్నా రెండు మూడు స్క్రూడ్రైవర్లు ఉంటాయి. మనిషి తన వంతు పని చేశాడు. ప్రకృతే చెయ్యలేదు.

ట్రెక్కింగ్‌కూ, అత్యవసర పరిస్థితులకూ పనికొచ్చే గట్టి మల్టీటూల్‌ని ఎంచుకోవడంలో తలమునకలై ఉన్నవారి తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. లోకం వాళ్లను చిన్నచూపు చూస్తోంది. "ఏదో ఒకటి కొనుక్కుని కొండెక్కరాదా?" అంటారు తెలియనివాళ్లు. కొండెక్కడం ఎవరైనా చేస్తారు. మేకలు కూడా చేస్తాయి. ఎంపిక మాత్రం మనిషికే సాధ్యం.

స్క్రూలు అడవిలో లేకపోయినా మన బ్యాగులో ఉంటాయి కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. నడక కర్రల బిగింపు దగ్గర ఉంటాయి, చిన్న స్టవ్‌కు ఉంటాయి, కళ్లజోడుకు ఉంటాయి. దారిలో వదులయ్యేవి కూడా అవే. కాబట్టి వెంట తీసుకెళ్లే సామానంతా నేల మీద పరిచి, దేనికి ఏ రకం స్క్రూ ఉందో, ఏ సైజు నట్టు ఉందో చూసుకుని, వాటిని తిప్పగలిగే టూల్ కొనుక్కుంటే చాలని వాళ్ల సలహా. కళ్లజోడు స్క్రూ గాడిలో మామూలు స్క్రూడ్రైవర్ మొన దూరదు, ఆరు పలకల అలెన్ కీ కావలసిన చోట ప్లస్ మొన పనికిరాదు, అందుకని ఇంట్లోనే ఒకసారి తిప్పి చూసుకోవాలట. ఈ సలహాలో ఉన్న ప్రమాదం గమనించారా? ఇలా చేస్తే ఎంపిక ఒక్క సాయంత్రంలో ముగిసిపోతుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలి? నడవాలి.

పూర్వం వాళ్లకు ఈ సూక్ష్మం తెలియక ఏదోలా బతికేశారు. 1891లో స్విట్జర్లాండ్ సైనికులకు అందిన కత్తిలో ఉన్నవి నాలుగే: ఒక కత్తి, తోలుకు చిల్లు పెట్టే మొన, డబ్బా మూత కోసేది, ఒక స్క్రూడ్రైవర్. స్క్రూడ్రైవర్ వాళ్ల రైఫిల్ విప్పడానికి. డబ్బా కోసేది డబ్బాల్లో వచ్చే తిండికి. అంటే ముందు పని ఏమిటో చూసుకున్నారు, తర్వాత పనిముట్టు చేయించుకున్నారు. ఇంతకన్నా ఊహాశక్తి లేని పద్ధతి ఉంటుందా? 1897లో ఆ దేశానికే చెందిన కత్తుల తయారీదారు కార్ల్ ఎల్సెనర్ సైనికాధికారుల కోసమని ఇంకో కత్తి తయారుచేశాక గానీ పరిస్థితి మెరుగుపడలేదు. అందులో సీసా బిరడా లాగే కార్క్ స్క్రూ చేరింది. దాన్ని సైన్యం ఇవ్వలేదు, అధికారులే సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నారు. హోదా పెరిగేకొద్దీ ఆపద స్వభావం మారుతుందనీ, ఒక స్థాయి దాటాక అది సీసా రూపంలో వస్తుందనీ దీనివల్ల మనకు తెలుస్తోంది.

ఇంకా వెనక్కి వెళితే రోమన్లు ఉన్నారు. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో మూడో శతాబ్దం నాటి వెండి మడత పనిముట్టు ఒకటి ఉంది. చెంచా, ఫోర్కు, కత్తి, ఒక మొన, పన్నుపుల్ల లాంటిది, అన్నీ ఒకదాంట్లోకి మడుచుకుంటాయి. భోజనమే వాళ్ల అత్యవసర పరిస్థితి అన్నమాట. వెండి నిలిచింది, ఇనుప కత్తి తుప్పుపట్టి పాడైంది. స్టీలు గురించి తగినంత చర్చ లేకుండా కొంటే ఇదే గతి.

ఇప్పుడు మనం నడుముకు తగిలించుకునే పటకారు రకం టూల్‌కు మూలపురుషుడు అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్. ఆయన 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. కారు మొరాయించేది. హోటళ్లలో కుళాయి గొట్టాలు కారేవి. జేబులో కత్తి ఉంది, పటకారు లేదు. ఆ చిరాకులోంచి పుట్టిన టూల్‌కు 1980లో పేటెంట్ వచ్చింది, 1983లో అది మార్కెట్లోకి వచ్చింది. కారే కుళాయి కోసం పుట్టిన వస్తువు ఇవాళ మంచు తుపానుకూ భూకంపానికీ సమాధానంగా అమ్ముడవుతోంది. పుట్టుపూర్వోత్తరాలు తవ్వకూడదు గానీ, తవ్వితే తెలిసేది ఇదే: మల్టీటూల్‌లో ముఖ్యమైన భాగం పటకారు, మిగతావన్నీ దాని బంధువర్గం. వేడి గిన్నె పట్టుకోవడం, వంగిన టెంటు మేకు సరిచెయ్యడం, తెగిన జిప్పు లాగడం, కాల్లో లోతుగా దిగిన ముల్లు పీకడం చేతివేళ్లకు సాధ్యం కాదు. కత్తి లేకపోయినా పళ్లతోనో, పదునైన రాయితోనో కొంత నెట్టుకురావచ్చు. కానీ ఇంత సూటిగా ఆలోచిస్తే మిగతా పదిహేడు భాగాల మనసు కష్టపడుతుంది.

పదిహేడు అని ఎందుకన్నానంటే, లెదర్‌మన్ వేవ్ ప్లస్ అనే ప్రసిద్ధ మోడల్‌లో పద్దెనిమిది పరికరాలు ఉన్నట్టు లెక్క. ఆ లెక్క ఎలా వేశారో చూస్తే గణితం మీద గౌరవం పెరుగుతుంది. సన్నమూతి పటకారు ఒకటి, మామూలు పటకారు ఒకటి, తీగ కత్తిరించేది ఒకటి, గట్టి తీగ కత్తిరించేది ఇంకొకటి. నాలుగూ ఒకే జత దవడల్లో ఉంటాయి. హ్యాండిల్ మీద గీసిన స్కేలు కూడా ఒక పరికరమే. ఈ లెక్కన మనిషి నోరు తినే యంత్రం, మాట్లాడే యంత్రం, ఆవలించే యంత్రం, ఈల వేసే యంత్రం. ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేవాడు కూడా అర్హతలు ఇంత ఉదారంగా రాసుకోడు.

సంఖ్యే ముఖ్యమనుకునేవారికి వెంగర్ కంపెనీ వాళ్ల జెయింట్ అనే మడతకత్తి ఉంది. 87 పనిముట్లు, 141 పనులు, గిన్నిస్ రికార్డు, కిలోకు మించిన బరువు. పిడికిట్లో పట్టదు. కళ్ల ముందు ఆపద నిలబడి ఉండగా 87లో కావలసింది ఏదో వెతికేలోగా ఆపదే విసుగెత్తి వెళ్లిపోతుంది. దాని రక్షణ విధానం అదే అయి ఉండాలి.

ఇక స్టీలు. ఎంపిక చేసేవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయేది ఇక్కడే. కాస్త మెత్తని రకమైన 420హెచ్‌సీ అని ఒక వర్గం, గట్టి రకాలైన 154సీఎమ్ అనీ ఎస్30వీ అనీ ఇంకో వర్గం. గట్టి స్టీలు పదును ఎక్కువ రోజులు నిలుపుతుంది, కానీ మొద్దుబారితే దారిలో దొరికిన రాయి మీద రుద్ది పదును పెట్టడం కష్టం, పక్కకు వంచి పెళ్లగిస్తే అంచు పెళుసుగా విరుగుతుంది. కాస్త మెత్తని స్టీలు త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా పదునెక్కుతుంది. రోజుల తరబడి ఇంటికి దూరంగా ఉండేవాడికి రెండోదే మేలని చెప్పచ్చు. స్టెయిన్‌లెస్ అన్న మాట చూసి నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక మనవి. అందులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటే ఆ పేరు వచ్చేస్తుంది, కానీ ఉప్పునీటిలో తడిపి, తుడవకుండా తోలు కవర్‌లో పెడితే తుప్పు మాత్రం పట్టక మానదు. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, కీళ్లలో ఒక చుక్క నూనె వేస్తే మామూలు స్టీలు కూడా దశాబ్దాలు ఉంటుంది. ఈ సంగతి చర్చకు రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే నూనె చుక్కకు మోడల్ నంబర్ ఉండదు. అంత గట్టి స్టీలుతో చివరికి కోసేది ఏమిటంటారా? అట్టపెట్టె. అందులో ఏముంటుంది? ఇంకో మల్టీటూల్.

బరువు గురించి ఎక్కువ చెప్పను. గ్రాములు తగ్గించుకోవాలని టూత్‌బ్రష్ పిడి సగానికి కోసుకునే జాతి ఒకటుంది. ఆ పిడి కోసేందుకు వాడిన రంపం 240 గ్రాముల టూల్‌లో ఉంటుంది. దాన్నీ మోసుకెళతారు. నిజానికి నడకలో పదే పదే బయటికి వచ్చేవి చిన్న కత్తెర, చిన్న బ్లేడు, ముల్లు తీసే శ్రావణం. కాలి పొక్కుకు ప్లాస్టర్ కత్తిరించడానికీ, దారం తెంపడానికీ, పొట్లం చింపడానికీ తాళంచెవుల గుత్తికి తగిలించే ఇరవై గ్రాముల కత్తి చాలు. అది తగిలించుకుని వెళ్లేవాణ్ని చూసి దారిలో ఎవరూ అడవి మనిషనుకోరు. అదే దాని లోపం.

సియాటిల్‌లోని ది మౌంటెనీర్స్ అనే పర్వతారోహకుల క్లబ్ 1930లలో కొండకు వెళ్లేవారి కోసం పది అవసరాల జాబితా వేసింది. మ్యాపు, దిక్సూచి, చలవ కళ్లద్దాలు, అదనపు తిండి, అదనపు బట్టలు, లైటు, ప్రథమ చికిత్స సామాను, అగ్గిపుల్లలు, నిప్పు రాజేసేది, ఒక కత్తి. పదింటిలో కత్తి ఒక్కటి. అయినా అదనపు మేజోళ్ల మీద రెండు వర్గాలు కొట్టుకోవడం మీరెప్పుడైనా చూశారా? మ్యాపు చదవడం రాకపోవడం గురించి ఎవరైనా రాత్రంతా వాదించుకున్నారా? దారి తప్పినవాడి దగ్గర ఎస్30వీ బ్లేడు ఉంటే, దారి తప్పిన చోటే ఉంటాడు గానీ పదునుగా ఉంటాడు.

ఆరన్ రాల్‌స్టన్ సంగతి రాకుండా ఈ చర్చ ముగియదు. 2003లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఇరుకైన లోయలో ఒంటరిగా వెళుతుండగా దాదాపు 360 కిలోల బండ కదిలి అతని చెయ్యి గోడకు నొక్కుకుపోయింది. ఐదు రోజుల తర్వాత చవకరకం మొద్దు మల్టీటూల్‌తో తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. ఎముకలను ఆ బ్లేడు కొయ్యలేకపోయింది, వాటిని ముందే విరుచుకోవాల్సి వచ్చింది. దీన్నించి ఎంపిక వర్గం తేల్చిన పాఠం: మంచి బ్లేడు కొనాలి. అతను ఎక్కడికి వెళుతున్నాడో బయల్దేరేముందు ఎవరికీ చెప్పలేదు, అందుకే ఐదు రోజుల పాటు ఎవరూ అక్కడికి వెతుక్కుంటూ రాలేదు. ఆ వివరాన్ని మాత్రం సాంకేతికంగా పరిగణించలేం. "ఫలానా దారిలో వెళుతున్నా, ఆదివారం సాయంత్రానికి రాకపోతే మనుషుల్ని పంపండి" అన్న వాక్యానికి బరువు లేదు, క్లిప్పు లేదు, గ్యారంటీ లేదు, నడుముకు తగిలించుకోవడానికి కుదరదు. సిఫారసు చెయ్యడం ఎలా?

ఇంటి దగ్గర వచ్చే ఆపదలు ఇంకా మొరటువి. వరదలకూ భూకంపాలకూ సిద్ధంగా ఉండమని అమెరికా ప్రభుత్వం ఇచ్చే జాబితాలో మొట్టమొదటిది నీళ్లు, మనిషికి రోజుకు దాదాపు నాలుగు లీటర్లు, కొన్ని రోజులకు సరిపడా. నీళ్లు మడత పడవు. వాటికి లాక్ ఉండదు. తర్వాత తిండి, రేడియో, టార్చి, విజిల్ వస్తాయి. గ్యాసు, నీళ్ల వాల్వులు కట్టెయ్యడానికి రెంచి గానీ పటకారు గానీ ఉంచుకోమంటారు, మన టూల్‌కు పిలుపు వచ్చేది అక్కడ. కానీ ఏళ్ల తరబడి కదలని వాల్వును మల్టీటూల్ పటకారుతో తిప్పబోతే దవడ జారి నట్టు అంచులు అరిగిపోతాయి. పొడుగు పిడి ఉన్న మామూలు రెంచి వాల్వు పక్కనే వేలాడదీసి ఉంచడం తెలివైన పని, దానికి అందం లేకపోయినా. ఇంకో మాట, ఇది వ్యంగ్యం కాదు: మల్టీటూల్ పిడి చాలావరకు ఒట్టి లోహం, కరెంటు ఉన్న తీగ దాంతో పట్టుకోకండి.

తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లాక్ సంగతి చట్టాలకు వదిలెయ్యాలి. లాక్ లేని బ్లేడు గట్టిగా నొక్కినప్పుడు వేళ్ల మీదికే మడుచుకుంటుంది, కాబట్టి లాక్ ఉన్నదే కొనమంటారు అనుభవజ్ఞులు. బ్రిటన్‌లో మాత్రం తగిన కారణం లేకుండా జేబులో ఉంచుకోదగింది మూడు అంగుళాల లోపు, లాక్ లేని మడతకత్తి. అంటే అక్కడ కారణం అయినా ఉండాలి, వేళ్ల మీద ఆశ అయినా వదులుకోవాలి. విమానం ఎక్కేవారు బ్లేడున్న టూల్‌ని చెక్-ఇన్ సామానులో వెయ్యకపోతే, నెలల తరబడి చేసిన పరిశోధన సెక్యూరిటీ వాళ్ల ప్లాస్టిక్ ట్రేలో ముగుస్తుంది.

ఒంటిచేత్తో తెరుచుకోవడం, చేతికి గ్లవుజు ఉన్నా బ్లేడు అందడం, తడిచేతిలోంచి జారకపోవడం నిజంగా చూసుకోవలసినవి. దుకాణంలో రెండు నిమిషాల్లో తేలిపోతాయి గనక వీటి జోలికి ఎవరూ పోరు. గ్యారంటీ దగ్గర మాత్రం అందరం ఆగుతాం. పాతికేళ్ల గ్యారంటీ! టూల్‌ని పోస్టులో పంపితే బాగుచేసి తిరిగి ఇస్తారు. కొండ అంచున చెట్టు వేరు పట్టుకుని వేలాడుతున్నవాడు ప్యాకింగ్ సరిగ్గా చెయ్యగలిగితే చాలు.

అన్నీ తేలాక మిగిలేది రంగు. ఎరుపో నారింజో అయితే సాయంత్రం మసక వెలుతురులో ఎండుటాకుల మధ్య పడ్డా కనపడుతుంది. అయినా ఎక్కువమంది ఓటు నలుపుకే, పడితే యజమానికి కూడా దొరకని నలుపు. కారణం అడిగితే "శత్రువుకు కనపడకూడదు" అంటారు. ఆదివారం పొద్దున్న కొండ మీద ఎదురయ్యే ఆ శత్రువు ఎవరన్నది తర్వాతి విడత చర్చలో ఖరారవుతుంది. అంతవరకు కొనుగోలు వాయిదా.