ఒకే బండ, రెండు దారులు

(మే నెల. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం కేంద్రంగా స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ నడుస్తోంది. కాలు నేలకి ఆనించకుండా రాళ్ల మీదుగా మోటార్‌సైకిల్ నడిపే పోటీ అది. కిన్‌లాక్‌లెవెన్‌లో పైప్‌లైన్ అనే రాళ్ల ఎత్తు దగ్గర, గ్లాస్గోలో ఉండే బావా బావమరదులు గొడుగు కింద నిలబడ్డారు. మురళికి ట్రయల్స్ బండి ఉంది. శేఖర్‌కి లేదు, అభిప్రాయాలు మాత్రం దండిగా ఉన్నాయి.)

మురళి: చూశావా బావా, ఇక్కడ నేర్పును బట్టి వేరే దారులిచ్చే క్లాసుల్లేవు. కొండ అందరికీ ఒకటే. డగీ లాంప్‌కిన్ ఈ పోటీ 12 సార్లు గెలిచాడు. ఆయన ఎక్కిన రాయే మామూలు మెకానిక్కూ ఎక్కాలి. మా క్లబ్బుల్లో చూడు, కష్టమైన దారి, తేలిక దారి, మధ్యలో ఇంకోటి! కప్పులు పంచుకోడానికి కాకపోతే ఎందుకవి?

శేఖర్: కప్పుల సంగతి తర్వాత, ముందు లెక్క చూడు. కాలు నేలకి ఒకసారి ఆనితే 1 తప్పు మార్కు, రెండుసార్లయితే 2, ఆపైన ఎన్నిసార్లు ఆనినా 3. పడినా, గీత దాటినా 5. అంతేగా?

మురళి: అంతే. ఆననే లేదంటే సున్నా. తక్కువ వచ్చినవాడిదే గెలుపు.

శేఖర్: మరి లాంప్‌కిన్‌కి తగ్గ బండలు పెడితే కొత్తవాడికి అన్నీ ఐదులే. వాడి పక్కనున్న ఇంకో కొత్తవాడికీ ఐదులే. ఆ ఇద్దరిలో ఎవరు మెరుగో ఏం తెలుస్తుంది? తేలిక బండలు పెడితే మొనగాళ్లందరికీ సున్నాలు. కొలబద్ద రెండు చివర్లా మొద్దుబారిపోతుంది. అందుకే ఒకే సెక్షన్‌లో, అంటే మార్కులు వేసే ఒక్కో ముక్కలో, రంగురంగుల బాణాలు పెట్టి, ఒక్కో స్థాయికి ఒక్కో దారి చూపిస్తారు. ప్రపంచ పోటీల్లోనూ ట్రయల్ జీపీ, ట్రయల్2, ట్రయల్3 అని ఉన్నాయి కదా.

మురళి: ఇక్కడ రోజుకు 30 సెక్షన్లు, ఆరు రోజులకు 180. అన్నిట్లో తేడా తెలియకపోయినా కొన్నిట్లో తెలుస్తుంది. సాయంత్రం తడిసి ముద్దయి వచ్చినవాడు, “ఛాంపియన్‌కి సున్నా పడ్డచోట నాకు మూడు పడింది” అని చెప్పుకుంటాడు. క్లాసులు పెడితే ఆ మాట ఎక్కడిది?

శేఖర్: ఆ మూడు కోసం చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు.

మురళి: సరే, భద్రత కోసమంటే ఒప్పుకుంటా. మరి క్లాసులతో వచ్చే దొంగాట మాటేమిటి? చిన్నపిల్లల కబడ్డీలో మీసాలవాడు దిగినట్టు, ఏళ్ల తరబడి తేలిక దారిలోనే ఉండి కప్పులు పోగేసేవాడు ఉంటాడు. గెలిస్తే పై క్లాసుకి తోస్తారని చివరి బండ మీద కావాలని కాలు దించేవాడూ ఉంటాడు.

శేఖర్: అది క్లాసు తప్పు కాదురా, మనిషి తప్పు. ఎవడు ఏ దారి ఎక్కాలో వాడికే వదిలేయకుండా క్లబ్బే ఏటా ఫలితాలు చూసి మారిస్తే సరి.

మురళి: మార్చేవాళ్లూ వాడి స్నేహితులే బావా! ఆదివారం కలిసి టీ తాగేవాళ్లు.

(శేఖర్ దగ్గర దీనికి జవాబు లేదు. పై నుంచి ఒక బండి జారి, రాళ్ల మీద దొర్లుతూ వచ్చింది. నడిపేవాడు లేచి, నవ్వుతూ సైలెన్సర్ తడిమి చూసుకున్నాడు. మార్కులు వేసే అబ్జర్వర్ ఐదు వేళ్లూ చూపించాడు.)

శేఖర్: అవునూ, పోయిన ఆదివారం మీ క్లబ్బు పోటీలో నువ్వెక్కింది ఏ దారి?

మురళి: తేలికదే. (కాసేపాగి) అందులోనూ మూడో బండ దగ్గర ఐదు పడింది.