ఐర్లాండ్ సైన్యం: చర్చలకు సర్వసన్నద్ధం

యుద్ధాలకు ఊళ్ళ పేర్లు పెట్టడం మనకు అలవాటే: పానిపట్టు, తళ్ళికోట, బొబ్బిలి. ఐర్లాండ్ సైన్యం ఇటీవలి చరిత్రలోనూ అలాంటి ఘనమైన పేర్లున్నాయి. క్రోక్ పార్క్ 2010, హాడింగ్టన్ రోడ్ 2013, లాన్స్‌డౌన్ రోడ్ 2015. కాకపోతే ఇవి ప్రభుత్వోద్యోగుల జీతాల ఒప్పందాలు. చర్చలు ఎక్కడ జరిగితే ఆ చోటి పేరే వాటికి స్థిరపడింది. సైనికులకూ అవే వర్తించాయి.

తుపాకీ పట్టినవాడితో జీతం బేరమేమిటని ముక్కున వేలేసుకోకండి. ఆ హక్కు వారికి ఊరికే రాలేదు. 1980ల చివర్లో సైనికులు నోరు విప్పడానికి వీల్లేదు కనుక, వారి భార్యలు సంఘం పెట్టి 1989 సాధారణ ఎన్నికల్లో పోటీకి దిగారు. ఇంటి ఖర్చుల చిట్టా వీధికెక్కేసరికి ప్రభుత్వం జీతాల మీద కమిషన్ వేసింది, 1990లో చట్టం సవరించి సైనికుల సంఘాలకు అనుమతిచ్చింది. సమ్మె మాత్రం చేయకూడదు. మన 1950 నాటి సైనిక చట్టం కింద సైనికుడు తనంతట తాను సంఘంలో చేరే వీలు లేదు. అందుకే మనవాళ్ళు పదవీ విరమణ దాకా ఓపిక పట్టి, 2015లో జంతర్ మంతర్ దగ్గర పింఛను కోసం బైఠాయించారు. ఎవరి సంప్రదాయం వారిది.

ఇక సంస్కరణ. ఆర్థిక సంక్షోభం తరువాత ఐర్లాండ్ ఎంత పట్టుదలగా సంస్కరించిందంటే, 2012లో మూడు బ్రిగేడ్లు రెండయ్యాయి, నాలుగు ఊళ్ళలో బ్యారక్‌లు మూతపడ్డాయి. శత్రువు సాయం ఏమాత్రం లేకుండా ఇంత సాధించిన సైన్యాలు అరుదు. జీతాలు కూడా తగ్గించారు. ఆ స్ఫూర్తిని అందుకుని సైనికులు తమంతట తామే తగ్గిపోయారు. 9,500 మంది ఉండాల్సిన చోట 8,000 మంది కూడా మిగల్లేదు.

నౌకాదళానిది మరీ ఉన్నత స్థితి. దక్షిణ తీరంలోని కార్క్ రేవులో ఓడలున్నాయి, ఎక్కేవారు చాలరు. సిబ్బంది కొరతతో 2023లో రెండింటిని పక్కన పెట్టారు. మిగిలిన పెద్ద ఓడలు నాలుగింటికీ ఐరిష్ రచయితల పేర్లున్నాయి, వాటిలోనూ అన్నీ ఒకేసారి గస్తీకి వెళ్ళవు. రచయితల పేర్లు పెట్టుకున్నాక ఒడ్డున కూర్చుని ఆలోచించడం తప్పని ఎలా అంటాం? ప్రభుత్వం మాత్రం ఊరుకోలేదు. రెండేళ్ళు ఓడ మీద పనిచేస్తామని మాటిచ్చినవారికి 10,000 యూరోల ప్రోత్సాహకం ప్రకటించింది. నౌకాదళంలో చేరినవాణ్ణి సముద్రంలోకి వెళ్ళవలసిందిగా డబ్బిచ్చి బతిమాలడం! ఉపాధ్యాయుడికి పాఠం చెప్పినందుకు వేరే భత్యం ఇచ్చే ఆలోచన మన విద్యాశాఖకు ఇంకా తట్టలేదు.

సైన్యం భవిష్యత్తు తేల్చమని ప్రభుత్వం వేసిన రక్షణ దళాల కమిషన్ 2022 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఇప్పుడున్నట్టే నెట్టుకురావడం, కాస్త మెరుగుపడటం, తోటి యూరప్ దేశాల స్థాయికి చేరడం అని మూడు మెట్లు చూపింది. వంటల కాంట్రాక్టరు మూడు రకాల ప్లేట్ల ధరలు చెప్పగానే పెళ్ళివారు చేసే పనే ప్రభుత్వమూ చేసింది. మధ్యది ఎంచుకుంది. 2028 నాటికి బడ్జెట్టు 150 కోట్ల యూరోలు, రక్షణ దళాలన్నిటిలో కలిపి 11,500 మంది అన్నది లక్ష్యం. ఉన్న ఉద్యోగాలకే మనుషులు దొరకనప్పుడు ఉద్యోగాలను పెంచడం పరిపాలనలో చాలా ఉన్నతమైన దశ. అందరికీ అందదు.

నాకు అంతకన్నా నచ్చిన ఘట్టం ఆ నివేదికకు కొద్ది రోజుల ముందే జరిగింది. కార్క్ తీరానికి 240 కిలోమీటర్ల దూరంలో క్షిపణి విన్యాసాలు చేస్తామని రష్యా నౌకాదళం ప్రకటించింది. యుద్ధ విమానం ఒక్కటీ లేని దేశం ఏం చేయాలి? నైరుతి తీరపు మత్స్యకారులు, అది మేం వల వేసే చోటు, మా పడవలు అక్కడే ఉంటాయి, ఆపై మీ ఇష్టం అన్నారు. వారి ప్రతినిధులు వెళ్ళి రష్యా రాయబారితో మాట్లాడారు. జనవరి ముగిసేలోగా రష్యా తన విన్యాసాలను ఐర్లాండ్ ప్రత్యేక ఆర్థిక మండలి, అంటే చేపల వేటకు ఆ దేశానికి హక్కున్న సముద్ర ప్రాంతం, బయటికి మార్చుకుంది. విదేశాంగ శాఖ కూడా అడిగిందిలెండి. కానీ ఆ ఘనత వలలకే దక్కింది.

కనుక ఐర్లాండ్ ప్రభుత్వానికి నాదొక విన్నపం. 11,500 మంది కోసం వెతికే బదులు, ఆ పడవల యజమానులతో ఒక సమగ్ర ఒప్పందం కుదుర్చుకోండి. సముద్రంలోకి వెళ్ళమని వారిని బతిమాలక్కర్లేదు. బ్యారక్‌లు అడగరు, పింఛను అడగరు. డీజిలు మీద రాయితీ మాత్రం తప్పకుండా అడుగుతారు.