డ్రమ్మర్ మీద జోకులు మేమూ వేస్తాం, కానీ...

"సంగీతకారుల వెంట తిరిగేవాణ్ణి ఏమంటారు? డ్రమ్మర్ అంటారు." డ్రమ్మర్ల మీద జోకుల గురించి నేను చదివిన ఒక వ్యాసంలోని ఈ జోకు మా బ్యాండ్‌లో ఎన్నిసార్లు పేలిందో లెక్కలేదు. గిటార్ వాయించే నేనే ఎక్కువసార్లు వేసుంటాను. మా డ్రమ్మర్ అందరికంటే గట్టిగా నవ్వుతాడు. అది చనువు, చిన్నచూపు కాదు.

ఒక్క మాట మాత్రం సరిదిద్దాలి. బీటిల్స్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ డ్రమ్మర్ రింగో స్టార్ "బీటిల్స్‌లో కూడా బెస్ట్ డ్రమ్మర్ కాదు" అని అదే బ్యాండ్‌లోని జాన్ లెనన్ అన్నట్టు అందరూ చెప్పుకుంటారు. ఆయన అన్నట్టు ఆధారమే లేదు. పైగా రింగోది ఎడమచేతి వాటం. కుడిచేతి వాటానికి అమర్చిన డ్రమ్ సెట్ మీదే వాయిస్తారు. ఆ ఫిల్స్‌లోని (పాట భాగాల మధ్య వాయించే చిన్న డ్రమ్ ముక్కల్లోని) విచిత్రమైన అందం అక్కణ్ణుంచే వచ్చింది. వాటిని అచ్చం అలాగే వాయించబోతే తెలుస్తుంది ఎంత కష్టమో!

మొన్నొక ప్రోగ్రాంలో రెండో చరణం దగ్గర నేను ఒక బీట్ ముందుకు జారిపోయాను. మావాడు ఆగలేదు. కుడికాలు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మీద, ఎడమకాలు హై-హ్యాట్ (జంట తాళాలు) పెడల్ మీద అలాగే ఆడుతుంటే, స్నేర్ డ్రమ్ము దెబ్బ కాస్త గట్టిగా వేసి నా వైపు చూసి తలాడించాడు. తర్వాతి ఒకటో బీట్‌కి అందుకున్నాను. వినేవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. ఆ రాత్రి అందరం వెళ్లిపోతుంటే స్టాండ్లు విప్పుకుంటూ మిగిలిందీ వాడే. ఆగి సింబల్స్ (డ్రమ్ సెట్‌లోని లోహపు పళ్లేలు) నేనే మోశాను.