మా వాళ్ళిద్దరూ ఎందుకు ఊరికే నిలబడ్డారు?

మహారాజశ్రీ కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 వీడియో గేమ్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ నా ఎడమ బొటనవేలు ఒప్పుకోలేదు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి మిమ్మల్ని కంప్యూటర్లో తెరిచాను. మళ్ళీ గడియారం చూసేసరికి ఐదున్నర. మేనల్లుడికి మా కాలం గేమ్ చూపించాలని నా సరదా. వాడి కళ్ళ ముందే మీ ఆఖరి విలన్ ఒరోచీ చేతిలో పద్నాలుగు సార్లు ఓడిపోయాను. అదీ సర్దుకుపోయేవాణ్ణే. పదిహేనోసారి ఓడుతుండగా వాడు అడిగాడు:

“మామయ్యా, వెనకాల మీ వాళ్ళిద్దరూ ఎందుకు ఊరికే నిలబడ్డారు?”

చిన్నప్పటి నుంచి మిమ్మల్ని ఆడుతున్నాను. ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. తట్టాక మాత్రం వదలడం లేదు.

ముగ్గురిని ఎంచుకోమంటారు. సరే. ఎవరు ముందు, ఎవరు వెనక అని వరుస కూడా అడుగుతారు. సంబంధాలు చూసేవాళ్ళు కూడా అంత ఆలోచించరు, అంత ఆలోచించి పెడతాం. తీరా బరిలోకి దిగేది ఒక్కడు. వాడు పడ్డాక రెండోవాడు, వాడూ పడ్డాక మూడోవాడు. దీన్ని జట్టు అనరండీ, రేషన్ షాపు క్యూ అంటారు.

సాయం ఉంది కదా అంటారేమో. ఉంది, కాదనను. తన్నులు తిని కళ్ళు తిరిగి తూలుతున్నప్పుడు మూడు బటన్లు కలిపి నొక్కితే, వెనకున్నవాడు ఒక్క గెంతు గెంతి, ఒక దెబ్బ కొట్టి, మళ్ళీ తన చోటికి పోతాడు. చుట్టపుచూపు. అదీ వాడికి మనసుంటేనే. నేనేమో క్యో అనే ఫైటర్ వెనకాల ఇయోరీ అనేవాణ్ణి పెట్టాను. 1800 ఏళ్ళ కిందట వీళ్ళ వంశాలే కలిసి ఈ ఒరోచీని బంధించాయట. 660 ఏళ్ళ కిందట ఇయోరీ తాతముత్తాతలు అదే ఒరోచీతో రక్తపు ఒప్పందం చేసుకుని వేరుపడ్డారట. మా ఊళ్ళో గట్టు తగాదాలు మహా అయితే మూడు తరాలు. అయినా ఇంటికి నిప్పంటుకుంటే బిందె పట్టుకుని వస్తారు. మీ ఇయోరీ మాత్రం కదల్లేదు.

అటువైపు చూస్తే ఒరోచీ ఒక్కడే. ఒంటి మీద చొక్కా కూడా లేదు. తెరంతా తెల్లగా వెలిగించి, ఎక్కడున్నా కొడతాడు. అతని దాకా రావడానికే ముందు పూనకం పట్టిన ఇయోరీనో లియోనానో దాటాలి, తర్వాత అతని మనుషులు యాషిరో, షెర్మీ, క్రిస్ ముగ్గురినీ పడగొట్టాలి.

ఎక్స్‌ట్రా మోడ్ అని మీరు పెట్టిన ఇంకో ఆట పద్ధతి గురించి ఒక్క మాట. ఎదుటివాడు మీదికి పరిగెత్తుకొస్తుంటే నేను మూడు బటన్లు నొక్కిపట్టి, ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నట్టు పవర్ నింపుకోవాలా? ఆ పవర్‌తో కొట్టే పెద్ద దెబ్బ, అదే సూపర్, దానికోసం స్టిక్‌ని పావు చక్రం ముందుకు, అరచక్రం వెనక్కి తిప్పేలోపు నా ప్రాణం ఎగిరిపోతోంది. ఇక చాలామంది పోరాటాలకు పాటే పెట్టలేదు. శవయాత్రకైనా డప్పు ఉంటుంది కదండీ. మీ ఫైటర్ డైమన్ గారు నేలను గుద్దడం గురించి మాట్లాడటం మానేశాను.

కానీ ఆ ఇద్దరు! వెనకాల నిలబడి చూడ్డానికా నేను వాళ్ళని ఏరికోరి తెచ్చుకుంది? ముగ్గురూ ఒక్కసారి మీద పడితే ఏం పోయింది నీకు? ఒసాకాలో కూర్చుని నిన్ను తయారుచేసిన ఎస్ఎన్‌కే వాళ్ళకి ఆ మాత్రం తట్టలేదా? మర్యాదలు చాలు, సూటిగా అడుగుతున్నా. ఏమయ్యా, సిగ్గు లేదా?

(క్షమించాలి. మేనల్లుడు నా వైపు చూశాడు.)

తర్వాత ఇద్దరం పోటీ పెట్టుకున్నాం. వాడు లావుగా ఉన్నాడని చాంగ్‌ని తీసుకున్నాడు. ఒక్క కమాండూ తెలియదు. చేతికందిన బటన్లన్నీ టకటకా కొట్టాడు. చాంగ్ చేతిలోని ఇనప గుండు గిరగిరా తిరిగింది. నా మొదటివాడు పోయాడు. గెలిచాడని మీరు వాడికి కాస్త ప్రాణం కూడా పోశారు. రెండోవాడు, మూడోవాడు కూడా ఆ గుండుకే పోయారు. ఈసారి నావైపు ముగ్గురున్నా వాడివైపు ఆడింది ఒక్కడే.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊరి వీడియో గేమ్ షాపులో ముగ్గురం కలిసి ఒక్క రూపాయి వేసేవాళ్ళం. తలా ఒక ఫైటర్. ఒకడు స్టిక్ పట్టుకుంటే మిగతా ఇద్దరం వాడి భుజాల మీదుగా మెడలు చాపి చూసేవాళ్ళం. ఆడటంలో నా వంతు ఎప్పుడూ మూడోదే, ఎందుకంటే రూపాయిలో నా వాటా పావలా. ముందువాళ్ళు బాగా ఆడితే నాకు స్టిక్ దక్కదు. ఆడలేకపోతే సగం చచ్చిన ఆట నా నెత్తిన పడుతుంది. మావాడు ఓడిపోవాలని లోపల దండం పెట్టుకుంటూ, పైకి మాత్రం “కొట్రా, కొట్రా” అని అరిచేవాణ్ణి. మీ ఇయోరీ మనసులో ఏముందో నాకు కొంచెం తెలుసు లెండి.

ఇప్పుడు మామా అల్లుళ్ళం అదే పద్ధతిలో ఒకే జట్టుగా ఆడుతున్నాం. మొదటి ఇద్దరూ వాడివి, మూడోది నాది. వాడి చాంగ్ ఇంకా పడలేదు. ఈ ఉత్తరం వాడి కుర్చీ వెనక నిలబడి ఫోన్లో రాస్తున్నాను. కొట్రా, కొట్రా అంటూనే ఉన్నాను.

ఇట్లు,
మూడో నంబరు