చిరిగిన పేజీ సాక్ష్యం

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, టల్సా నగరం. 1921 మే 31న అక్కడి ట్రిబ్యూన్ పత్రిక, లిఫ్టులో ఒక శ్వేతజాతి యువతిపై నల్లజాతి యువకుడు దాడి చేశాడని మొదటి పేజీలో రాసింది. ఆ కేసును తరువాత కొట్టేశారు. కానీ ఆ రాత్రి మొదలై మర్నాడూ సాగిన శ్వేతజాతి మూకల దాడిలో, నల్లజాతి ప్రజలు కష్టార్జితంతో కట్టుకున్న గ్రీన్‌వుడ్ పేటలో వెయ్యికి పైగా ఇళ్లు బూడిదయ్యాయి. మృతులు 36 మందేనని అధికారులు లెక్క తేల్చగా, చరిత్రకారుల అంచనా 300 వరకు ఉంది. ఏళ్ల తరువాత ఆ సంచికను మైక్రోఫిల్మ్‌కు (పేజీల ఫొటోలను భద్రపరిచే ఫిల్ముకు) ఎక్కించేనాటికి, ఆ వార్తా, సంపాదకీయ పేజీలో కొంత భాగమూ చింపేసి ఉన్నాయి. ఒక పత్రికగా మమ్మల్ని అన్నిటికన్నా కలచివేస్తున్న సంగతి ఇది.

మంటలు అందరికీ కనిపించాయి; ఆ తరువాత కాగితాల మీద జరిగిన హింస కనిపించలేదు. ఊచకోతకు ‘అల్లర్లు’ అని పేరు పెట్టారు. అల్లర్లలో జరిగిన నష్టానికి పరిహారం ఉండదన్న షరతు పాలసీల్లో ఉంది కనుక, ఆ ఒక్క మాటను చూపి బీమా సంస్థలు చేతులు దులుపుకొన్నాయి. వారం తిరగకముందే నగర పాలకవర్గం అగ్నిప్రమాద నివారణ పేరుతో నిబంధనలు బిగించి, కాలిన చోట సామాన్యుడు చెక్క ఇల్లు లేపుకోకుండా అడ్డుపడింది. గుడారంలో కూర్చుని బి.సి. ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి న్యాయవాది పోరాడితే తప్ప ఆ ఆంక్ష తొలగలేదు. వేలాది మంది చలికాలాన్ని గుడారాల్లోనే గడిపారు. హంతకుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

అయినా గ్రీన్‌వుడ్ మళ్లీ లేచి నిలిచింది. అయితే 1930ల్లో కేంద్ర గృహరుణ సంస్థ దేశమంతటా నగరాల పటాలు గీయించి, నల్లజాతివారుండే పేటలకు ఎర్రరంగు పూయించింది. ఎర్రరంగు పడిన చోట ఇంటి అప్పు పుట్టడమే గగనమైంది. ఎవరినీ తిట్టకుండా, చేయి చేసుకోకుండా తరాల ఆస్తిని హరించిన పద్ధతి అది. ఆ మీదట 1960ల చివర్లో ప్రధాన రహదారి పేట నడిమధ్య నుంచి సాగింది.

నిజం నిగ్గు తేల్చడానికి 1997లో రాష్ట్రం వేసిన కమిషన్ పేరులో సైతం ‘అల్లర్లు’ అన్న మాటే ఉంది. బాధితులకు పరిహారం ఇవ్వాలని ఆ కమిషనే 2001లో సిఫారసు చేసినా చట్టసభ నేరుగా చెల్లించలేదు. 2024 జూన్‌లో, అప్పటికి బతికి ఉన్న ఇద్దరు వృద్ధురాళ్ల దావాను రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేసింది; వారిద్దరూ నూరేళ్లు దాటినవారు. నాడు ఎగ్గొట్టిన బీమా సొమ్మును ఇంటింటి లెక్కన తేల్చి, వడ్డీతో సహా వారసులకు చెల్లించాలని మేము కోరుతున్నాము.