మ్యూనిక్ పేరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మ్యూనిక్ పేరు గారి దివ్య సముఖమునకు, నిన్న మధ్యాహ్నం ఉత్తర ఇటలీలో తమరి రైలు తప్పిపోయిన అభాగ్యుడు రాసుకునే విన్నపాలు.

తప్పిపోవడమంటే ఆలస్యంగా వెళ్ళి కాదు. రైలు నా కళ్ళముందే వచ్చింది, ఆగింది, పోయింది. బోర్డు మీద ‘మొనాకో’ అని ఉంది. కార్ల పందేలు, క్యాసినోలు ఉండే ఊరు మనకెందుకులే అని పెట్టె మీద కూర్చుని కాఫీ తాగుతూ చూశాను. ఇటాలియన్‌లో మొనాకో అంటే తమరేనని రైలు కదిలాక పక్కాయన చెప్పాడు. పూర్తి పేరు ‘మొనాకో ది బవియెరా’, అంటే జర్మనీలోని బవేరియా మొనాకో అట. ఆ ఇంటిపేరు కాస్తా రాయడానికి బోర్డు మీద చోటు లేకపోయిందా? పోనీ సముద్రం ఒడ్డు మొనాకోతో తమరికి చుట్టరికమైనా ఉందా? దానిది గ్రీకు ‘మోనోయికోస్’, అంటే ఒంటిల్లు. తమరిది సన్యాసుల వంశం.

ఆ వంశం సంగతీ చూశాను. 1158లో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి సంత తగాదా తీర్చిన పత్రంలో ‘మునిఖెన్ దగ్గరి సంత’ అని ఉంది. అంటే సన్యాసుల దగ్గర. అసలు ఊరికి పేరే పెట్టలేదన్నమాట! మర్రిచెట్టు దగ్గర దిగాలి అన్నట్టు చెప్పిన గుర్తునే, బహువచనంతో, విభక్తితో సహా పేరుగా ఉంచేసుకున్నారు. మునులపల్లె అనుకుంటే పోయేది. చెక్ వాళ్ళకు తమరు మ్నిఖోవ్; ‘ఆ ఊళ్ళో’ అనాలంటే మ్నిఖోవ్యె. పోలండ్‌లో మొనాఖియుమ్, అదేమో లాటిన్ బింకంతో ఏ విభక్తికీ కదలదు.

తమరొక్కరే కాదులెండి. స్లొవేనియా వాళ్ళు వియన్నాను దునాయ్ అంటారు, పోలండ్‌లో ఆ మాటకు డాన్యూబ్ నది అని అర్థం. ఆ రైళ్ళేవీ నాకు తప్పిపోలేదు కాబట్టి వదిలేస్తున్నా.

మా బెజవాడకూ రెండు పేర్లున్నాయని ఎత్తిపొడవకండి. బెజవాడ అన్నా విజయవాడ అన్నా దిగేది ఒకే ప్లాట్‌ఫాం మీద. తమరో! పక్కవాడి పేరు తగిలించుకొచ్చి, నన్ను నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, కొత్త టికెట్ కొనిపించి... సిగ్గు లేదూ నీకు?

అర్ధరాత్రి దిగితే, మీ ఊరి పెద్దాయన ఒకరు దారి చూపిస్తూ, బవేరియన్ యాసలో నిన్ను ‘మింగా’ అంటామని మురిసిపోతూ చెప్పాడు.

“అవును, మధ్యాహ్నమంతా మింగా” అన్నాను తెలుగులో.

ఆయన సంతోషంగా తలూపి నా పెట్టె అందుకున్నాడు.

ఇట్లు,
రెండో టికెట్ కొన్నవాడు