ఒక నిమిషం గ్రిట్స్

జార్జియా రాష్ట్ర గవర్నరుకు ఒక ఫిర్యాదు పంపుదామనుకున్నాను. విజిటర్ వీసా మీద ఆరు నెలలు కొడుకింట్లో ఉండటానికి వచ్చిన రిటైర్డ్ టీచరుకు ఆ హక్కు ఉంటుందా అని మావాణ్ణి అడిగితే "బాపూ, నువ్వు జర ఊకో" అన్నాడు. గవర్నరు బతికిపోయాడు. మీరు దొరికారు.

2002లో ఈ రాష్ట్రం గ్రిట్స్‌ను తన అధికారిక వంటకంగా చట్టం చేసి మరీ ప్రకటించుకుంది. మనకు పాలపిట్ట ఎట్లాగో వీళ్లకు గ్రిట్స్ అట్లాగ. పాలపిట్టను పట్టుకెళ్లి ఎవరైనా ఫ్రై చేస్తే మనం ఊరుకుంటామా? మరి మొన్న మేముండే కమ్మింగ్ ఊళ్లో, క్లబ్‌హౌస్‌లో జరిగిన సంక్రాంతి పాట్‌లక్‌లో (ఎవరి వంట వాళ్లు తెచ్చి పంచుకునే విందు), పట్టపగలు, నూటయాభై మంది సాక్షుల ఎదుట ఒకాయన ఈ రాష్ట్ర చిహ్నాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి నిమిషం తిప్పాడు. ఆవాలు, కరివేపాకు పోపు పెట్టాడు. "అమెరికన్ ఉప్మా" అని పేరు పెట్టాడు. దానికి మొదటి బహుమతి వచ్చింది.

గ్రిట్స్ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్క. మక్కలను రవ్వగా విసిరి నీళ్లలో ఉడికిస్తే వచ్చేది. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లకు అంత వివరం కూడా అక్కర్లేదు, గటక అంటే చాలు. మక్క గటక. ఇక్కడివాళ్లు అందులో వెన్న వేసుకుంటారు, మనం పచ్చిపులుసు పోసుకుంటాం. మధ్యలో ఉన్నది ఒక సముద్రం, ఒక తాలింపు, అంతే. ఉప్మాకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఉప్మా గోధుమల సంతానం, పైగా టిఫిను. గటక భోజనం. అది తిని పొద్దుగూకేదాకా నాగలి పట్టాలి.

బహుమతి గ్రహీత పెద్ద కంపెనీలో ఆర్కిటెక్టు. ఇళ్లు కట్టే ఆర్కిటెక్టు కాదట, సాఫ్ట్‌వేర్ కట్టేవాడట. ఆ రోజు మాత్రం రెండూ కట్టాడు. ఎట్లాగో చెప్తాను.

ముందు చిన్న చిన్న కాగితం పొట్లాలు ఇరవై నాలుగు వరసగా పేర్చాడు. ఒక్కొక్కటి చింపి పెద్ద పింగాణీ గిన్నెలో పోశాడు. ప్రతి పొట్లానికీ ఫోన్లు పైకి లేచాయి. వేడి నీళ్లు పోశాడు. మైక్రోవేవ్‌లో పెట్టి అందరివైపు తిరిగి "ఫ్రెండ్స్, జస్ట్ వన్ మినిట్" అన్నాడు. పిల్లలు గట్టిగా అంకెలు వెనక్కి లెక్కపెట్టారు, శ్రీహరికోటలో రాకెట్ ఎగరేసినట్టు. సున్నా దగ్గర మైక్రోవేవ్ కూసింది, చప్పట్లు మోగాయి. పోపు వేశాక ఫోటోలు మొదలయ్యాయి. గిన్నెతో ఆర్కిటెక్టు, గిన్నెతో ఆర్కిటెక్టు దంపతులు, గిన్నెతో కమిటీ, గిన్నెతో నిలువెత్తు హరిదాసు బొమ్మ. ఈ ఇరవై నిమిషాల్లో లోపల జరగాల్సింది జరిగిపోయింది. గ్రిట్స్‌కు ఫోటోలంటే పట్టింపు లేదు. చల్లబడితే గట్టిపడటమే దాని ధర్మం.

వడ్డించబోతే గరిటె దిగలేదు. కొంచెం బలం పెట్టాడు, దిగింది. ఈసారి రాలేదు. గరిటె పట్టుకుని లాగితే గిన్నె మొత్తం పైకి లేచింది. జనం అది కూడా అందులో భాగమనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆర్కిటెక్టు గారి మామగారు గిన్నె పట్టుకున్నారు, ఆయన గరిటె పట్టుకున్నాడు, బావిలో తాడు లాగినట్టు ఇద్దరూ లాగితే ఒక పలక ఊడివచ్చింది. కత్తితో కోసి, ముక్కకొక కరివేపాకు రెబ్బ చొప్పున పంచారు. నా ప్లేటు ఏటవాలుగా పట్టి చూశాను. కదల్లేదు. బోర్లించాను. అప్పుడూ కదల్లేదు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ నాలికతో మూతి తుడుచుకుంటూ "టెక్స్చర్ బాగుంది" అన్నారు. నిజమే, మా ఊళ్లో అరుగుకు కూడా అదే టెక్స్చర్.

ఇంకో సంగతి. ఆ పొట్లంలో ఉన్నది ఎవరో ఎక్కడో ఒకసారి ఉడికించి, ఆరబెట్టి, పొడి చేసినది. అంటే మన ఆర్కిటెక్టు వండలేదు, తడిపాడు. తడపడానికి బహుమతి ఇస్తే వానకు ఏమివ్వాలి?

వండటమంటే ఏమిటో ఇక్కడి పల్లెల్లో ముసలమ్మను ఎవరినడిగినా చెబుతుంది, మా అవ్వ చెప్పినట్టే. రాతి తిరగలిలో విసిరిన రవ్వ తెచ్చుకోవాలి. అందులో మక్క మొలక భాగం కూడా ఉంటుంది, ఆ నూనె వల్ల తొందరగా ముక్కిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో దాచాలి. నీళ్లలో పోసి కలిపితే పొట్టు పైకి తేలుతుంది, దాన్ని వంచెయ్యాలి. గ్లాసు రవ్వకు నాలుగైదు గ్లాసుల ఎసరు, ఉప్పు ముందే. అడుగు మందంగా ఉన్న గిన్నె, సన్న మంట. ఆ తర్వాత ముప్పావు గంట నుంచి గంట దాకా కదలకుండా అక్కడే నిలబడి తిప్పాలి. ఆపితే అడుగంటుతుంది, వదిలేస్తే ఉండలు కడుతుంది. మధ్యలో ఒక్కో బుడగ టప్పున చిట్లి చేతి మీద పడుతుంది. మా అవ్వ కుడిచేతి మీద అట్లాంటి మచ్చలు ఏడు ఉండేవి. చిన్నప్పుడు నేను లెక్కపెట్టేవాణ్ణి.

దక్షిణ కరొలినాలో సెయింట్ జార్జ్ అనే చిన్న ఊరుంది. 1986 నుంచి అక్కడ గ్రిట్స్ పండుగ చేస్తారు. ప్లాస్టిక్ తొట్టి నిండా గ్రిట్స్ వండి పోస్తారు. పోటీదారులు అందులో దిగి దొర్లుతారు. దిగే ముందు తూస్తారు, లేచాక తూస్తారు, ఎవడి బట్టలకు ఎక్కువ అంటుకుంటే వాడు గెలుస్తాడు. చదివినప్పుడు నవ్వుకున్నాను. క్లబ్‌హౌస్ చూశాక ఆ ఊరిమీద గౌరవం పెరిగింది. కనీసం వాళ్లు దాన్ని ఒంటికి హత్తుకుంటున్నారు.

ఇంతవరకూ నాకు కోపం రాలేదు, నమ్మండి. బహుమతి ప్రదానం అయ్యాక వచ్చింది.

ఆర్కిటెక్టు గారి నాన్న కూడా నాలాగే విజిటరు. మాది జగిత్యాల పక్క ఊరు, ఆయనది ఆ పక్క ఊరు. మనవరాలు వచ్చి, "తాతా, ఇది మీ ఊర్లో కూడా తింటారా?" అని అడిగింది. ఆయన నావైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, "లేదు బిడ్డా. మనం ఎన్నడన్న సన్నబియ్యమే. మక్కలు కోళ్లకేసేటోళ్లం" అన్నాడు.

సన్నబియ్యమట! ఆయన తండ్రీ మా బాపూ ఒకే కాపు దగ్గర జీతముండేవాళ్లు. బియ్యం బువ్వ పండుగనాడు కనిపించేది, లేకపోతే జ్వరం వచ్చినప్పుడు. మిగతా రోజులన్నీ గటక, అంబలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకగదా మా ఇళ్లల్లో రోజూ తెల్లబువ్వ వండింది. ఏ తిండి తిని ఆయన పదో తరగతి పాసై గవర్నమెంటు నౌకరి కొట్టాడో, ఏ తిండి వాళ్లమ్మ చేతుల మీద బొబ్బలు లేపిందో, దాన్ని మనవరాలి ముందు కోళ్లకు వేసేశాడు. సిగ్గుపడాల్సింది గటక తిన్నందుకా? దాంతోపాటు ఇంకేమీ దొరక్కుండా చేసినవాడు సిగ్గుపడాలి. వాడెన్నడూ పడలేదు. వాడి బదులు మనం పడుతున్నాం, పరాయి దేశం వచ్చి, క్లబ్‌హౌస్‌లో నిలబడి, చిన్నపిల్లకు అబద్ధం చెప్పి.

ఈ గడ్డమీద కూడా అదే జరిగింది. ఇక్కడి పాత ఆదివాసీ తెగలు మక్కలను బూడిద నీళ్లలో, ఇంకా దక్షిణాన మెక్సికో వైపు సున్నపు నీళ్లలో ఉడికించి వండుకునేవాళ్లు. అట్లా చేస్తేనే అందులోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. తర్వాత వచ్చినవాళ్లు భూమి తీసుకున్నారు, మక్కలు తీసుకున్నారు, బూడిద నీళ్లు మాత్రం చాలామంది వదిలేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిల్లులు మొలక భాగం కూడా తీసేసి అమ్మసాగాయి. బట్టల మిల్లు కూలీకి, కౌలు రైతుకు ఆ పిండి, బెల్లం పాకం, కాస్త పంది కొవ్వు తప్ప ఇంకేదీ కొనే దిక్కు లేదు. ఆ విటమిన్ అందక పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. ఒళ్లు పొక్కిపోయి, మెడ చుట్టూ కంటె వేసినట్టు నల్లబడి, విరేచనాలై, చివరికి మతి తప్పి చనిపోయారు. పెద్దమనుషులేమో అది అంటువ్యాధి, పేదల మురికి వల్ల వస్తుంది అన్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు 1914లో ఈ పనిమీద వచ్చి, ఇది తిండి జబ్బు అన్నాడు. ఎవరూ నమ్మలేదు. 1915లో మిసిసిపీ జైలు పొలంలో ఖైదీలకు విడుదల ఆశ చూపి గ్రిట్స్, బిస్కెట్లు, పాకం వగైరా మాత్రమే పెడితే పదకొండు మందిలో ఆరుగురికి జబ్బు వచ్చింది. అప్పటికీ నమ్మలేదు. చివరికి ఆయన రోగుల రక్తం ఎక్కించుకుని, వాళ్ల చర్మపు పొలుసులూ మలమూత్రాలూ మాత్రల్లో కలుపుకుని మింగాడు. భార్య కూడా రక్తం ఎక్కించుకుంది. ఇద్దరికీ ఏమీ కాలేదు. కూలి పెంచమని చెప్పడానికి ఒక డాక్టరు అశుద్ధం తినాల్సి వచ్చింది. అప్పుడు కూడా కూలి పెంచలేదు.

మన హైదరాబాదులోనూ పెల్లాగ్రా ఉండేది. జొన్నలే దిక్కైన కూలీలకు. గోపాలన్, శ్రీకాంతియా అనే డాక్టర్లు 1960లో దీనిమీద రాశారు, జొన్నల్లోని లూసిన్ అనే పదార్థం కారణం కావచ్చన్నారు. నేను సైన్సు చెప్పలేదు, సోషల్ చెప్పాను, కాబట్టి లూసిన్ జోలికి పోను. జొన్నల పక్కన చారెడు పప్పు, గ్లాసెడు పాలు, వారానికోసారి మాంసం ఉన్న ఇంట్లో ఈ జబ్బు ఎందుకు రాలేదన్నది మాత్రం సోషల్ ప్రశ్నే. గటకది తప్పు కాదు. ఒట్టి గటకది తప్పు.

గొంతు పెరిగింది. క్షమించాలి. మా కోడలు కూడా "మామయ్యా, బీపీ గోలీ వేసుకున్నరా?" అని అడిగిపోయింది.

మర్నాడు మావాడు ఎక్కడో రాతి తిరగలి రవ్వ ఉన్న దుకాణం వెతికి రెండు పౌండ్ల సంచి తెచ్చాడు. గంటసేపు తిప్పాను. నలభయ్యో నిమిషంలో మావాడు తెడ్డు అందుకుని, ఐదు నిమిషాల్లో చెయ్యి నొప్పి అని తిరిగిచ్చాడు. మామిడికాయ తొక్కు వేసుకుని తిన్నాం. కోడలు వాళ్లది గుంటూరు, మర్యాదకు రెండు ముద్దలు తిని, మూడోసారి మర్యాద లేకుండా పెట్టుకుంది.

రాత్రి ఆర్కిటెక్టు ఫోన్ చేశాడు.

"అంకుల్, మీకు గ్రిట్స్ సంగతి బాగా తెలుసని మా నాన్న చెప్పిండు."

"మీ నాన్నే చెప్పిండా?"

"అవునంకుల్. నిన్నటి గిన్నె ఇంకా కడగలేదు. వేడినీళ్లు పోసినం, సబ్బేసినం, ప్లాస్టిక్ చెంచాలు రెండు విరిగినయ్. అడుగుది అస్సలు వస్తలేదు. క్లబ్‌హౌస్ వాళ్లు డిపాజిట్ ఆపుతమంటున్నరు."

"చల్ల ఉన్నదా ఇంట్ల?"

"ఉంది."

"చెంబెడు పోసి రాత్రంతా నాననియ్యి. తెల్లారి చేత్తోటి పిసికితే వచ్చేస్తది."

"థ్యాంక్స్ అంకుల్. తర్వాత పడేయ్యాలె కదా?"

"మీ నాన్ననడుగు," అన్నాను. "ఉల్లిగడ్డ ఒకటి పక్కన పెట్టి అడుగు."